కనుమ దారిలో క్రూయిజ్ కంట్రోల్
(రహదారి భద్రతను గూర్చి లారీ డ్రైవర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన హోసూరు నుండి సేలం వైపు సాగే 44వ జాతీయ రహదారి కృష్ణగిరి, ధర్మపురి దాటిన పిమ్మట తొప్పూరు కనుమలో క్రిందికి దిగుతుంది. ఆ వాలు ఎన్ని బండ్లను బలిగొన్నదో ఈ సభలోని డ్రైవరు సోదరులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. కొత్త లారీలకు క్రూయిజ్ కంట్రోల్ అమరి వస్తున్న ఈ కాలంలో, కనుమ దారిలో దానిని ఎంతవరకు నమ్మవచ్చునో మనవి చేస్తాను.

మనం నిర్ణయించిన వేగం నిలిచేటట్లు ఇంజనుకు ఇంధనం అందించడమే ఈ సాధనం పని. చదునైన బాటలో అది కాలికి విశ్రాంతినిస్తుంది, డీజిలును ఆదా చేస్తుంది. అయితే సాధారణమైన క్రూయిజ్ కంట్రోల్‌కు ముందున్న ఎత్తుగాని, వాలుగాని, మలుపుగాని కనబడవు. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం పడిపోయిన తరువాతనే అది ఇంధనం పెంచుతుంది. కొన చేరువైనా తగ్గించదు. అనుభవజ్ఞుడైన డ్రైవరు ముందే తగిన గేరు వేసి, కొన చేరబోతుండగా కాలు సడలిస్తాడు.

అసలు అపాయం వాలులో ఉన్నది. అక్కడ ఈ సాధనం ఇంధనాన్ని ఆపగలదు గాని, బరువుతో దూసుకుపోయే లారీని పట్టి నిలుపలేదు. కొన్ని లారీలలో ఇంజను బ్రేకును, రిటార్డరును దీనితో జతచేశారు. మీ బండిలో ఆ ఏర్పాటు ఉన్నదో లేదో ముందే తెలిసికొనండి. 25 టన్నుల లారీ 100 మీటర్ల ఎత్తు దిగితే వెలువడే శక్తి ఇంచుమించు 75 లీటర్ల నీటిని మరిగించగలదు. ఆ వేడినంతటినీ బ్రేకు డ్రమ్ములే భరించవలసివస్తే లైనింగు పట్టు సడలుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. కనుక వాలు మొదలుకాకముందే క్రూయిజ్ ఆపి, వేగం తగ్గించి, తక్కువ గేరులో, ఎగ్జాస్ట్ బ్రేకు సాయంతో దిగాలి. వానలో తడిసిన బాటపైన, వరుస మలుపులలో కూడా క్రూయిజ్ వాడరాదు.

న్యూట్రల్‌లో దిగితే డీజిలు మిగులుతుందన్నది భ్రమ. గేరులో ఉంచి కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. నేటి ఇంజన్లలో అప్పుడు ఇంధనం ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆరిపోకుండా ఉండడానికి డీజిలు ఖర్చవుతూనే ఉంటుంది. పైగా ఇంజను పట్టు పూర్తిగా తప్పిపోతుంది.

యజమానులకు ఒక మనవి. మైలేజీ రాలేదని, గంట ఆలస్యమైందని జీతం కోసే లెక్కే డ్రైవరు చేతిని న్యూట్రల్ వైపు లాగుతున్నది. కనుమలో పట్టే సమయాన్ని ఆలస్యంగా లెక్కించకండి. వాలుకు ముందు బండి నిలిపి, బ్రేకులు, గాలి పీడనం చూచుకొని దిగమని చెప్పి పంపండి.

డ్రైవరు సోదరులారా, మీ ఇంటివారు మీ రాక కొరకు ఎదురుచూస్తుంటారు. నెమ్మదిగా దిగండి. సెలవు.