అక్షరమునకు మెదడు చోటిచ్చు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



1887వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో వ్యాపారము చాలించి విశ్రాంతి తీసికొనుచున్న ఒక వర్తకుడు ఒకనాడు పుస్తకము తెరచి, అందలి ఒక్క అక్షరమునైనను గుర్తింపజాలక నిశ్చేష్టుడయ్యెను. ఆయన వస్తువులను, మనుష్యులను గుర్తించుచునే యుండెను. మాట తడబడలేదు. కలము చేతికిచ్చినచో చక్కగా వ్రాయగలిగెను. కాని తాను వ్రాసినదానిని తానే మరల చదువుకొనలేకపోయెను. అక్షరపు రేఖలను చేతితో దిద్దినపుడు మాత్రము దాని పేరు చెప్పగలిగెడివాడు. పారిస్ నగరమునందలి జూల్ దెజెరిన్ అను వైద్యుడు ఆయనను పరీక్షించి, మరణానంతరము ఆయన మెదడును పరిశీలించి, 1892లో ఆ వృత్తాంతమును ప్రకటించెను. మెదడు ఎడమభాగమున వెనుకవైపు కలిగిన హానియే దీనికి కారణమని తేలినది. కంటికిని మాటకును నడుమ అక్షరము నడచుటకు ఒక ప్రత్యేకమైన దారి కలదని ఈ యుదంతము సూచించినది.

ఇచ్చట ఒక సంశయము కలుగును. మాటలాడుట శిశువునకు తల్లి యొడిలోనే అబ్బును. చదువుట యట్లు అబ్బదు, ఎవరో ఒకరు నేర్పవలెను. మానవుడు వ్రాత కనిపెట్టి సుమారు 5,000 సంవత్సరములు మాత్రమే యైనది. అందును బహుకాలము చదువు కొలదిమంది సొత్తుగానే యుండెను. ఇంత స్వల్పకాలములో చదువుటకై మెదడులో ప్రత్యేకావయవమొకటి పుట్టుట అసంభవము. అట్లయిన ఆ దారి ఎక్కడనుండి వచ్చినది? చదువురానివాని మెదడులో ఆ చోటు ఏమి చేయుచుండును? నడివయస్సున పలక పట్టినవానికి అది ఏర్పడునా? ఈ కడపటి ప్రశ్న గ్రామమునకు మిక్కిలి ముఖ్యమైనది. 'మొక్కై వంగనిది మానై వంగునా' అను సామెత చెప్పి, పెద్దవారిని బడి గడప దూరనీయక ఆపినవారు ఎందరో కలరు. ఆ పెద్దవారే ఆ మాట నమ్మి తమ్ము తాము ఆపుకొనుటయు కలదు.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన శాస్త్రవ్యాసమొకటి 2010లో 'సైన్స్' అను అమెరికా పత్రికయందు వెలువడినది. చదువ నేర్చుకొనుట వలన దృష్టికిని భాషకును సంబంధించిన మస్తిష్క మార్గములు ఎట్లు మారునో తెలుపుట దాని విషయము. ఫ్రాన్సు దేశీయులగు స్టానిస్లాస్ దెహేన్, లారెంట్ కోహెన్ పండితులును, బ్రెజిల్, పోర్చుగల్, బెల్జియం దేశముల పండితులును కలిసి దానిని వ్రాసిరి. వారు 63 మంది వయోజనులను పరీక్షించిరి. అందు 10 మంది ఎన్నడును చదువు నేర్వనివారు. 22 మంది బాల్యమున బడికి పోక పెద్దయైన పిమ్మట నేర్చినవారు. 31 మంది చిన్ననాటనే చదువుకొన్నవారు. మొదటి పదిమందికి చదువు రాకపోవుటకు కారణము వారి జీవిత పరిస్థితులే గాని బుద్ధిలోపము కాదు. వారికి వాక్యములు వినిపించి, వ్రాతలును, ముఖములును, ఇండ్లును, పనిముట్లును బొమ్మలుగా చూపించి, అపుడు మెదడులో ఏ భాగమునకు రక్తప్రసారము హెచ్చుచున్నదో ఎం.ఆర్.ఐ. యంత్రముతో కొలిచిరి. ఆ యంత్రము తలపులను చదువునది కాదు. ఏ భాగము పనిచేయుచున్నదో మాత్రమే తెలుపును.

ఆ పరీక్షవలన ముఖ్యముగా మూడు విషయములు తేలినవి. మొదటిది: చదువు వచ్చినవారికి వ్రాత కనబడగానే మెదడు ఎడమభాగమున, వెనుక క్రిందివైపున, ఒక చోటు గట్టిగా స్పందించును. 'మ'కును 'య'కును గల స్వల్పభేదమును క్షణములో పట్టుకొనుటయు, ఒకే యక్షరమును ఎవరి దస్తూరిలోనున్నను గుర్తించుటయు ఇట్టి శిక్షణఫలమే. చదువు వేగము హెచ్చినకొలది ఆ చోటి స్పందనయు హెచ్చినది. రెండవది: మాట వినునపుడు పనిచేయు భాషామార్గమంతయు, చదువు వచ్చినవారిలో వ్రాత చూచినపుడును మేల్కొనును. కన్ను చెవి పనిచేయనారంభించినదన్నమాట. మూడవది: చదువు చెవికిని పదును పెట్టును. మాటలలోని ధ్వనులను విడదీయు భాగము చదువరులలో వినునపుడు అధికముగా స్పందించినది. 'కల' అను మాటలో మొదటి హల్లును తీసివేసిన 'అల' మిగులునని చదువరి ఇట్టే చెప్పగలడు. చదువురానివారికి ఇట్టి పని మిక్కిలి కష్టమనియు, పెద్దవయస్సున చదువు నేర్చినవారు దీనిని చేయగలుగుదురనియు పోర్చుగల్ దేశములో జరిగిన పరిశోధన 1979లోనే తెలిపినది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆ రెండవ తెగకు చెందిన 22 మందిని గూర్చిన మాట. ఈ మార్పులలో అధికభాగము పెద్దయైన పిమ్మట నేర్చినవారిలోను కనబడినవి. చిన్ననాటినుండి చదివినవారంత వేగము వారిలో పెక్కుమందికి లేకపోయినను, దారి మాత్రము ఏర్పడినది. మాను కూడ వంగునని ఈ పరీక్ష నిరూపించినది.

లాభమునకు వెనుక నష్టమేమైన కలదా యని కూడ ఆ పండితులు విచారించిరి. అక్షరము క్రొత్తగా ఆక్రమించిన చోటు పూర్వము ముఖములు, వస్తువులు మొదలగువానిని గుర్తించు పనికి చెందినది. చదువు వచ్చినవారిలో ఆ చోట ముఖములకు కలుగు స్పందన కొంత తగ్గినట్లు వారికి తోచినది. కాని ఉత్తరప్రదేశ్‌లో లక్నో సమీప గ్రామములలోని జనులను పరీక్షించి 2019లో ప్రకటించిన మరియొక వ్యాసము, చదువు వలన ముఖముల గుర్తింపునకు అట్టి నష్టము కానరాలేదని తెలిపినది. శాస్త్రము ఇట్లే నడచును. ఒకరు చెప్పినదానిని వేరొకరు మరల తూచి చూతురు.

ఆ ప్రాంతముననే జరిగిన మరియొక పరిశోధన 2017లో వెలువడినది. చదువురాని పెద్దలలో 21 మందికి ఆరు నెలలపాటు దేవనాగరి లిపి నేర్పిరి. 9 మందికి నేర్పక పోల్చి చూచిరి. నేర్చినవారిలో చూపునకు సంబంధించిన మెదడు భాగములు, లోతుననున్నవి సైతము, ఒకదానితో నొకటి పొందికగా పనిచేయసాగినవి. ఇది విదేశపు మాట కాదు. ఇచ్చటి పల్లెల మాట. ఆరు నెలల మాట.

అయితే ఈ ఫలితములను వినియోగించుకొనుటలో రెండు జాగ్రత్తలు అవసరము. చదువురానివాడు అల్పుడని వీని యర్థము కాదు. వానను, నేలను, పశువును, మనిషిని ఎరిగి నడచుకొను రైతు మెదడు ఖాళీగా నుండునది కాదు; అక్షరము ప్రవేశించునది నిండు ఇంటిలోనికే. రెండవది, వేలిముద్ర మాని సంతకము నేర్చినంతనే పని ముగియదు. మెదడులోని దారి చదివినకొలది బలపడుచున్నదని వ్యాసము తెలిపినది. నడువని కాలిబాటను గడ్డి కప్పివేయును గదా!

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన కాలమునందు అయ్యంకి వేంకటరమణయ్యగారు మున్నగు పెద్దలు మెదడు పటములను చూచి ఆ కార్యమునకు పూనుకొనలేదు. ప్రజలయందలి నమ్మకముతో పూనుకొనిరి. ఆనాటి గ్రంథాలయములలో చదువ నేర్చినవారు నేర్వనివారికి పత్రికలు చదివి వినిపించిరి, రాత్రిపాఠశాలలు నడపిరి. వారి నమ్మకమునకు దాదాపు నూరేండ్ల పిమ్మట శాస్త్రము సాక్ష్యము పలికినది.

కావున ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము తన బీరువాలోని పుస్తకములను లెక్కించుకొనుటతో పాటు, ఇంకను తన గడప త్రొక్కనివారిని కూడ లెక్కించుకొనవలెను. దూరమునున్న కుమారుని యుత్తరమును ఇరుగుపొరుగువారిచేత చదివించుకొను తల్లి ఆ లెక్కలో మొదటిది. ఆమె మెదడులో అక్షరమునకు చోటు కలదు. ఆమె ప్రక్కన కూర్చుండి, ఆరు నెలలపాటు దినమున కొంతసేపు ఓపికతో నేర్పువారు ఒక్కరు కావలెను. పిమ్మట ఆమె చదువు మరుగున పడకుండ పెద్ద అక్షరముల పుస్తకము నొకదానిని ఆమె చేతికి అందించుట గ్రంథాలయము వంతు. ఆమె తన కుమారుని యుత్తరమును తానే విప్పి చదువుకొన్న నాడు ఈ రజతోత్సవము సార్థకమగును.