సీఏ 19-9 ఎక్కువొస్తే క్యాన్సరేనా? మా ఇంట్లో జరిగింది చెప్తా

పోయిన వీడియోలో ఫోన్ బ్యాటరీ గురించి మాట్లాడుకున్నం. ఈసారి రక్త పరీక్ష. టాపిక్ ఇట్ల మారిందేంది అనుకోకండి. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చేసి నాలుగేండ్లు కోడ్ రాసినోణ్ని. కానీ ఈ ఒక్క పరీక్ష గురించి మా ఇంట్లో రెండుసార్లు దెబ్బ తిని నేర్చుకున్నం. అది చెప్తా, స్కిప్ చేయకుండా వినండి.

మాది బంట్వారం దగ్గర ఒక పల్లె. మా పెద్దనాయినకు 58 ఏండ్లప్పుడు కొత్తగా షుగర్ వచ్చింది. మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ షుగర్ లేదు. గోలీలు ఇచ్చిండ్రు, వాడిండు. కానీ మనిషి తగ్గుతనే ఉన్నడు. ప్యాంటు జారకుండ తాడు కట్టుకునే దాకా వచ్చింది. షుగర్ ఉన్నోళ్లు తగ్గుతరులే అని అందరం అనుకున్నం. నేనూ అనుకున్న. నాలుగైదు నెలలకు కండ్లు పచ్చగయినయ్. నొప్పి లేదు, జ్వరం లేదు, ఒళ్లంతా ఒకటే దురద.

మన దిక్కు కండ్లు పచ్చగయితే ఏం చేస్తరో మీకు తెలుసు. పసరు. పొద్దున్నే పరిగడుపున పోయి పసరు తాగొచ్చి, ఉప్పు కారం నూనె బంద్ పెట్టి, మజ్జిగన్నం తినాలె. ఐదు వారాలు పథ్యం చేసిండు. అసలే తగ్గిన మనిషి ఇంకా తగ్గిండు.

ఇక్కడ నేను పసరు ఇచ్చేటాయన్ని తిట్టను. ఆయన మోసగాడు కాదు, పైసలు కూడా అడగడు. అసలు సంగతి ఏందంటే, మనకు ఎక్కువగా వచ్చే కామెర్లు నీళ్ల ద్వారా వచ్చే వైరస్‌వి. అవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతయ్. పసరు తాగినా తగ్గుతయ్, తాగకపోయినా తగ్గుతయ్. సర్వర్ ఆగిపోయినప్పుడు నేనేదో బటన్ నొక్కితే, అదే టైముకు కరెంట్ వచ్చి చాలైతే, ఆ క్రెడిట్ నాకే వచ్చినట్టు. పదిమందికి తగ్గింది కాబట్టి పదకొండో మనిషి కూడా అదే గడప తొక్కుతడు. ఆ పదకొండో మనిషికి లివర్‌లో ఏమీ ఉండదు. క్లోమం తల భాగంలో గడ్డ పెరిగి, పైత్యం పోయే గొట్టాన్ని నొక్కేస్తుంటది. క్లోమం అంటే ప్యాంక్రియాస్, కడుపు వెనకాల వెన్నుపూసకు ఆనుకుని ఉంటది. చేతితో నొక్కి చూస్తే దొరికేది కాదు.

ఆఖరికి హైదరాబాద్ తీసుకపోతే సీటీ స్కాన్‌లో బయటపడ్డది. అప్పటికే రక్తనాళాలను చుట్టేసింది, ఆపరేషన్‌కు లేదన్నరు. అప్పుడే మొదటిసారి ఈ పేరు విన్న, సీఏ 19-9. నార్మల్ 37 లోపల ఉండాలె. పెద్దనాయినకు 860 ఉండె.

ఈ పేరేంది, ఏదో సాఫ్ట్‌వేర్ వెర్షన్ లాగుంది అనుకుని చదివితే, నిజంగానే దాదాపు అట్లాంటిదే. 1979లో అమెరికాలో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో హిలరీ కొప్రోవ్‌స్కీ టీమ్ ఎలుకల నుంచి రకరకాల యాంటీబాడీలు తయారుచేసింది. అందులో ఒకదాని నంబరే 19-9. ఇంకో తమాషా ఏందంటే, వాళ్లు ఎలుకలకు ఎక్కించింది క్లోమం క్యాన్సర్ కణాలను కాదు, పెద్దపేగు క్యాన్సర్ కణాలను. ఆ యాంటీబాడీ పట్టుకునేది ఒక చక్కెర గొలుసును. అది మన లూయిస్ బ్లడ్ గ్రూప్‌కు చుట్టం లాంటిది. ఏ, బీ, ఓ కాకుండా ఇంకా చాలా బ్లడ్ గ్రూపులు ఉంటయ్, ఇది అందులో ఒకటి.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, నూటికి 5 నుంచి 10 మంది ఒంట్లో ఆ చక్కెర గొలుసు తయారే కాదు. వాళ్లకు క్యాన్సర్ ఎంత ముదిరినా ఈ పరీక్ష నార్మల్ అనే చూపిస్తది. దీనికి ఉల్టాగా, క్యాన్సర్ లేకున్నా పెరుగుతది. పైత్యనాళంలో రాయి అడ్డం పడ్డా, నాళానికి ఇన్‌ఫెక్షన్ వచ్చినా, క్లోమం వాచినా వందలు దాటొచ్చు. కామెర్లు ఉన్నప్పుడు ఈ నంబర్ చూసి తీర్పు చెప్పొద్దు అనేది అందుకే. పెద్దనాయినకు స్కాన్, బయాప్సీ తేల్చినయ్. ఈ నంబర్ పనికొచ్చింది ఆ తర్వాత. కీమో మొదలుపెట్టినంక 860 కాస్తా 300లకు దిగింది, ఇంట్లో కొంచెం నవ్వులు వచ్చినయ్. మళ్లీ 2,000 దాటినప్పుడు, డాక్టర్ నోరు తెరవకముందే మాకు అర్థమైంది.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని. పెద్దనాయిన పోయిన మూడు నెలలకు, ఫోన్‌లో ఒక ఫుల్ బాడీ చెకప్ ఆఫర్ కనబడ్డది. క్యాన్సర్ మార్కర్లు ఫ్రీ అట. మా నాయినకు బుక్ చేసిన. రిపోర్ట్ పీడీఎఫ్ వాట్సాప్‌లో రాత్రి పదకొండింటికి వచ్చింది. సీఏ 19-9, ఎర్ర అక్షరాల్లో, 61. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. నాయిన కండ్లద్దాలు పెట్టుకుని చూసి, "అన్నకొచ్చిందే నాకొచ్చిందా రా" అన్నడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన సరిగ్గా తినలేదు. సీటీ తీస్తే క్లోమం శుభ్రంగా ఉంది, పిత్తాశయంలో రాళ్లు ఉన్నయ్. ఆరు వారాలకు మళ్లీ చేస్తే 29.

అప్పుడు కూర్చుని లెక్క వేసిన. నేను ముందే వేయాల్సిన లెక్క ఇది. యాభై దాటిన లక్ష మంది ఉన్నరు అనుకోండి. అందులో 10 మందికి నిజంగా ఈ క్యాన్సర్ ఉంది అనుకుందాం. పరీక్ష పదిమందిలో 8 మందిని పట్టుకుంటది, లేనోళ్లలో నూటికి 90 మందికి కరెక్ట్‌గా లేదు అంటది అనుకుందాం. వినడానికి మంచి పరీక్షే. కానీ మిగిలిన 99,990 మందిలో పదో వంతు, అంటే 9,999 మందికి ఊరికే ఎర్ర అక్షరాలు వస్తయ్. మొత్తం 10,007 మంది నిద్ర పోగొట్టుకుంటరు, అందులో నిజంగా ఉన్నది 8 మందికి. ఆ మిగిలినోళ్లలో మా నాయిన ఒకడు. ఏ లక్షణమూ లేనోళ్లకు ఈ క్యాన్సర్ కోసం స్క్రీనింగ్ చేయొద్దని అమెరికాలో ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2019లో మళ్లీ చెప్పింది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, బీఆర్‌సీఏ2 లాంటి జన్యు మార్పు ఉన్నా లెక్క వేరే. వాళ్లను కూడా ప్రధానంగా ఎంఆర్‌ఐ, ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌తోనే చూస్తరు.

కొత్త పరీక్షలు రావట్లేదా అంటే, వస్తనే ఉన్నయ్. 2012లో అమెరికాలో జాక్ ఆండ్రాకా అనే 15 ఏండ్ల పిల్లగాడు కాగితం స్ట్రిప్‌తో దీన్ని కనిపెట్టొచ్చని ఇంటెల్ సైన్స్ ఫెయిర్‌లో పెద్ద ప్రైజ్ కొట్టిండు. ఆ రీల్ ఇప్పటికీ తిరుగుతనే ఉంది, నేనూ ఒకప్పుడు షేర్ చేసిన. ఆ స్ట్రిప్ మాత్రం ఆసుపత్రిలోకి రాలేదు. 2015లో రఘు కల్లూరి టీమ్ నేచర్ పత్రికలో గ్లిపికాన్-1 అనే ప్రోటీన్ గురించి రాసింది. రక్తంలో తిరిగే చిన్న చిన్న బుడగల మీద అది ఉంటే క్లోమం క్యాన్సర్‌ను తొందరగానే పట్టొచ్చు అన్నరు. ఇంటిపేరు చూసి మనోడే అని సంబురపడ్డ. 2017లో వేరే టీమ్ చేసి చూస్తే అది అంత పని చేయలేదు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలే మెరుగ్గా పట్టినయ్ అని తేలింది. సైన్స్ ఇట్లనే పోతది, తప్పేం లేదు. మన లాప్‌టాప్‌లో నడిచిన కోడ్ క్లయింట్ దగ్గర నడవాలె కదా.

మరి పెద్దనాయిన విషయంలో ముందే తెలిసే దారి లేకుండెనా? ఉండె, అదే నన్ను తొలిచేస్తది. సురేశ్ చారి అనే డాక్టర్ టీమ్ 2005లో అమెరికా మిన్నెసోటాలో ఒక లెక్క తేల్చింది. యాభై దాటినంక కొత్తగా షుగర్ వచ్చిన 2,122 మందిలో 18 మందికి మూడేండ్ల లోపల క్లోమం క్యాన్సర్ బయటపడ్డది. అంటే నూటికి ఒకరి కంటే తక్కువ. షుగర్ వచ్చిందని భయపడకండి. కానీ వాళ్లే తర్వాత తయారుచేసిన స్కోర్‌లో వయసు, షుగర్ ఎంత పెరిగింది, బరువు ఎంత తగ్గింది, ఈ మూడే చూస్తరు. మూడూ మా పెద్దనాయిన షుగర్ చీటీల్లో రాసే ఉన్నయ్. ఎవరం కలిపి చూడలే.

కాబట్టి మీ ఇంట్లో యాభై దాటినోళ్లకు కొత్త షుగర్ వచ్చి, తిన్నా బరువు తగ్గుతుంటే డాక్టర్‌కు ఆ రెండూ కలిపి చెప్పండి. కండ్లు పచ్చగయి, నొప్పి లేకుండ దురద ఉండి, మూత్రం చిక్కగా, దొడ్డికి తెల్లగా పోతుంటే, ఆ వారమే బిలిరుబిన్ పరీక్ష, కడుపు స్కానింగ్ చేయించండి. కామెర్ల బిలిరుబిన్ పరీక్ష సీఏ 19-9 కంటే చాలా చవక. మొదటి స్కానింగ్‌లో క్లోమం సరిగ్గా కనబడకపోతే సీటీ అడగండి. పెద్ద ఆసుపత్రి ఖర్చుకు భయపడి ఆగకండి, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ దవాఖానే.

మొన్న పండక్కి ఊరికి పోయినప్పుడు పసరు ఇచ్చే తాత దగ్గర కూర్చున్న. "తాతా, నొప్పి లేకుండ కండ్లు పచ్చగయి దురద పెడుతుందని ముసలోళ్లు ఎవరన్నా వస్తే, ముందు స్కానింగ్ చీటీ తెమ్మను" అని అడిగిన. ఆయన సరే అనలేదు, కాదనలేదు. కాసేపటికి "మీ పెద్దనాయిన మంచోడు" అన్నడు. వచ్చేటప్పుడు మాత్రం, ఆ స్కానింగ్ వికారాబాద్‌ల యాడ చేస్తరో అడిగి రాయించుకున్నడు.