ఓటమిని కూడా ఫైలులో భద్రపరుద్దాం

(చీరాలలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన నలుగురు యువకులు ముందు వరుసలో కూర్చోవడానికి సంకోచిస్తున్నారు.

ఇది విజేతల సన్మానం కోసం తలపెట్టిన సభ. విజేతలు లేరు గనుక రద్దు చేద్దామని కొందరు అన్నారు. వద్దని మేమే పట్టుబట్టాము. గెలిచినప్పుడు పూలదండ చాలు. ఓడినప్పుడే సభ అవసరం.

తూర్పు కనుమలలో జరిగిన 50 కిలోమీటర్ల కొండదారి పరుగుకు మన పేట నుండి ఈ నలుగురూ వెళ్ళారు. మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లను మించిన పరుగును అల్ట్రామారథాన్ అంటారు. ఇద్దరు సగం దారిలోనే ఆగిపోయారు. ఒకరు గుర్తుగా కట్టిన రిబ్బనును గమనించక దారి తప్పారు. నాల్గవ యువకుడు గమ్యం చేరాడు గాని, అప్పటికే గడువు ముగిసింది. వారు ఊరు చేరకముందే రెండు మాటలు చేరాయి: "మనవాళ్ళకు ఈ పరుగులెందుకు?", "అంతా కిస్మత్." మొదటి మాట ధైర్యాన్ని చంపుతుంది, రెండవది ఆలోచనను చంపుతుంది.

కిస్మత్‌ను కాసేపు పక్కనపెట్టి లెక్క చూద్దాం. వీరు ఆరు నెలలు వాడరేవు ఇసుకలోనూ, బాపట్ల రోడ్డు మీదా సాధన చేశారు. రెండూ చదునైన నేలలే. కొండ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే శరీర భారాన్ని ఆపవలసి ఉంటుంది. ఆ అలవాటు లేని కాళ్ళు కొన్ని గంటలలోనే మొరాయిస్తాయి. తొలి పది కిలోమీటర్లు ఉత్సాహంతో వేగంగా పరుగెత్తడంతో కండరాలలోని ఇంధనం ముందే ఖర్చయింది. చెమటతో ఉప్పు పోతుండగా వట్టి నీళ్ళే అదే పనిగా త్రాగితే రక్తంలో సోడియం తగ్గి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. పరిస్థితి ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఇవన్నీ ముందుగా తెలుసుకోదగినవే.

ఇక మా తప్పులు. బయలుదేరే ముందురోజు రాత్రి పదకొండు గంటల వరకు వారిని వేదికపై నిలబెట్టి ఉపన్యాసాలు చెప్పినది మేము. బిర్యానీ వడ్డించి, ఇంకొంచెం తినమని బలవంతపెట్టినదీ మేమే. కానుకగా ఇచ్చిన కొత్త బూట్లనే వేసుకుని పరుగెత్తమన్నాము, పాదాలు బొబ్బలెక్కాయి. వారికి అవసరమైనది రెండు నెలల ముందు కోటప్పకొండకో, కొండవీటికో నాలుగుసార్లు వెళ్ళివచ్చే బస్సు ఖర్చు. అది ఎవరికీ తోచలేదు. యువకులారా, ఈ ఓటమిలో సగం వాటా పెద్దలది. ఆ మాట సభాముఖంగా ఒప్పుకుంటున్నాము.

అమెరికాకు చెందిన జిమ్ వాల్మ్స్లీ 2016లో కాలిఫోర్నియాలోని 'వెస్టర్న్ స్టేట్స్' 100 మైళ్ళ పరుగులో రికార్డు దిశగా సాగుతూ, తొంభై మైళ్ళు దాటాక ఒక మలుపు గమనించక దారి తప్పాడు. 2017లో కడుపు చెడి మధ్యలోనే విరమించాడు. అదే మనిషి 2018లో అదే దారిలో కొత్త రికార్డుతో గెలిచాడు. కొండ మారలేదు, దూరం మారలేదు. మారినది సిద్ధపడిన తీరు.

మన చరిత్రలో ఉహద్ ఉంది. కొండపై కాపలా ఉంచిన యాభైమంది విలుకాండ్రలో అధికులు, గెలుపు ఖాయమనుకుని తమ స్థానం విడిచి దిగడంతో యుద్ధగతి మారిపోయింది. ఆ తప్పును ఖురాన్ దాచలేదు. ఆలి ఇమ్రాన్ సూరాలో ప్రస్తావించింది. అయితే వారిని వెలివేయమనలేదు. క్షమించమని, వారితో సంప్రదింపులు జరపమని ప్రవక్త (స)కు ఆదేశించింది. తప్పు చేసినవారిని మష్వరాలో కూర్చోబెట్టడం మనకు దక్కిన సంప్రదాయం.

హక్కుల పోరాటమూ కొండదారి పరుగే. 2004లో ముస్లింలకు ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్ ఉత్తర్వును, బి.సి. కమిషన్‌ను సంప్రదించని కారణంగా హైకోర్టు కొట్టివేసింది. 2005లో కమిషన్ నివేదికతో చట్టం వచ్చింది. వెనుకబాటును గుర్తించిన పద్ధతి సరిపోదని అదీ నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా, ముస్లింలందరికీ కాక సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 వర్గాలకు 4 శాతం కల్పించారు. 2010లో హైకోర్టు దానినీ కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. ప్రతి ఓటమిలోని లోపాన్ని చదివి, తదుపరి కాగితంలో సరిదిద్దినందువల్లనే ఇంతవరకు రాగలిగాము. వివక్ష లేదని మేము అనడం లేదు. వివక్షను ఎదిరించేవాని ఫైలులో ఒక్క కాగితం కూడా తక్కువ కారాదని అంటున్నాము.

గుమాస్తా ఉద్యోగం మాకు నేర్పినది ఒక్కటే: నోటు రాయని పని జరగనట్టే లెక్క. అందుకే ఒక పుస్తకం తెచ్చాము. ఎక్కడ అలసట మొదలైంది, ఏమి తిన్నారు, ఎన్ని నీళ్ళు త్రాగారు, దారి ఎక్కడ తప్పింది, ఈ నలుగురూ తమ చేతులతో ఇందులో రాయాలి. పెద్దల తప్పుల పేజీ మేము రాసే తెచ్చాము. కానిస్టేబుల్ పరీక్షలోని 1600 మీటర్ల పరుగుకు సిద్ధమవుతున్న మన పిల్లలు, ఆడపిల్లలు సైతం, రేపు దీనిని చదువుతారు. ఒకరు పడినచోట పదిమంది పడకుండా ఉంటే ఈ ఓటమి వృథా కాదు.

నాయనలారా, ఇక ముందు వరుసకు రండి. కుర్చీలు మీకోసమే వేశాము. కలం కూడా ఇక్కడే ఉంది.