తక్కువ మార్కులు, మంచి ర్యాంకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. నేను కాలేజీ మెట్టు ఎక్కినవాడను కాను. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లమీదనే చదువుకొంటిని. ఈ శుభసమయమున గ్రంథాలయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు కోరినారు. లెక్కలవాడనైన నేను వేసిన ఒక తప్పు లెక్కను, ఈ గ్రంథాలయము దానిని దిద్దిన విధమును మనవి చేసెదను.

2017వ సంవత్సరము జూన్ నెలాఖరున మన యూరి రైతు ఒకరు కుమారుని వెంటబెట్టుకొని, రెండు కాగితములతో మా యరుగుమీదికి వచ్చిరి. ఒకటి ఇంటర్మీడియట్ మార్కుల పత్రము. భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడింట కలిపి నూటికి 56. రెండవది నీట్ పరీక్షా ఫలితము. అందు ర్యాంకు మిక్కిలి మంచిది.

“అయ్యా, మావాడికి డాక్టరు సీటు వస్తుందంటారా?” అని అడిగిరి.

నేను మొదటి కాగితమునే చూచితిని. “ఈ మార్కులకు డాక్టరు సీటెక్కడిదయ్యా! డిగ్రీలో చేర్పించు” అంటిని. అంతకుముందు ఎంసెట్ ర్యాంకు కట్టునపుడు ఇంటర్మీడియట్ మార్కులకు నూటికి 25 వంతుల వెయిటేజీ ఉండెడిది. ఆ పాత పద్దునే కొత్త చిట్టాలోనికి ఎక్కించితిని. రైతు మారుమాటాడక లేచెను. పిల్లవాడు తల వంచుకొని తండ్రి వెంట నడచెను.

భారతమున కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనమందు కర్ణుడు అర్జునునితో సమానముగా విద్య చూపగా, కృపాచార్యుడు ఆ విద్యను విడిచి కులమడిగెను. ఆ ఘట్టము జ్ఞప్తికి వచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు గ్రంథాలయమున పత్రికలు తిరుగవేయగా, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయము వారి ప్రవేశ ప్రకటన దొరికెను. ఆ యేట వైద్యసీట్లకు నీట్ ర్యాంకే ప్రమాణము. ఇంటర్మీడియట్ మార్కులు అర్హతకు మాత్రమే. సామాన్య వర్గమువారికి ఆ మూడు శాస్త్రములలో కలిపి నూటికి 50, ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులవారికి 40 చాలును. ఆ గీత దాటిన పిమ్మట 56కును 96కును భేదము లేదు. దరఖాస్తునకు కొలది దినములే మిగిలియుండెను.

వెంటనే వారి యింటికి పోయి, “నా లెక్క తప్పయింది, దరఖాస్తు పెట్టండి” అని చెప్పితిని. ఆరవ తరగతి మొదలు స్టడీ సర్టిఫికెట్లు, టి.సి., కుల ధ్రువపత్రము పోగుచేయుటకు వారితోబాటు నేనును తిరిగితిని. పిల్లవానికి ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చెను.

అయినను ఆ తక్కువ మార్కులు ఉత్తవి కావు. పదవ తరగతి వరకు తెలుగులో చదివిన పిల్లవాడు ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో వ్రాయవలసి వచ్చెను. విషయము తెలియును, పుటలకొలది వ్రాయలేడు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. నాలుగు జవాబులలో సరియైనదానిని గుర్తించిన చాలును. ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు 1 కోత. ఆ యేడు ప్రశ్నపత్రము తెలుగులోను ఇచ్చిరి. అందుచే అతని తెలివి బయటపడెను. కాని ఎం.బి.బి.ఎస్.లో మరల వ్రాతపరీక్షలే. మొదటి సంవత్సరమున అనాటమీ తప్పెను. సెలవులలో వచ్చి ఈ గ్రంథాలయపు మూల బల్లకడ కూర్చుండి, దినమునకు రెండేసి జవాబులు పుస్తకము చూడక వ్రాసి, తరువాత చూచి దిద్దుకొనెను. సప్లిమెంటరీలో గట్టెక్కెను. నాలుగున్నరయేండ్ల చదువును, ఏడాది హౌస్ సర్జన్ పనియు ముగించి నేడు డాక్టరైనాడు.

కర్ణునికి విద్య లేకపోలేదు. అవసరమునకు స్ఫురింపలేదు. రోగి మంచము ప్రక్కన వైద్యునికి ఆ గతి పట్టరాదు. కావున విద్యార్థులారా, ర్యాంకు మంచిదైనపుడు పాత మార్కులకు సిగ్గుపడి దరఖాస్తు మానకుడు. ఆ మార్కులు చూపిన లోటును దిద్దుకొనుటయు మానకుడు. తలిదండ్రులారా, నావంటివాని నోటిమాటపై బిడ్డల దారి మూయకుడు. నిబంధనలు మారుచుండును. ఏ యేటి ప్రకటనను ఆ యేడే చదువుడు. చదువరానివారు సాయంకాలము ఈ బల్లకడకు రండు. చదివి వినిపించుటకు నేనుందును.

సెలవు.