ఒక ఆంగ్లపదము, సముద్రపు హోరు



ఈ దినమున నేను ముచ్చటింపబూనిన విషయము మిక్కిలి చిన్నది. ఆంగ్లభాషలో ‘రోర్’ అను మాట యొకటి కలదు. అది ధ్వనిని అనుకరించి పుట్టినదని పండితులు చెప్పుదురు. మన పిల్లలు బడిలో దానికి ‘గర్జన’ అని అర్థము వ్రాసికొని వల్లించుచుందురు. నేనును సుమారు నలువది యేండ్ల క్రిందట అట్లే చెప్పితిని. అందలి లోపమును నాకు తెలిపినవాడు పండితుడు కాడు; దివిసీమలోని యొక పల్లెకారుల పిల్లవాడు.

నేను తెలుగు పండితుడను. సంస్కృతాంధ్ర వ్యాకరణములు నా చదువు. అప్పుడు నేను పనిచేయు పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయుడు సెలవులో నుండుటచే, ఆ తరగతిని కొన్నాళ్లు నన్ను చూడుమనిరి. పాఠములో ‘ది సీ రోర్డ్ ఆల్ నైట్’ అను వాక్యము వచ్చినది. ‘రాత్రియంతయు సముద్రము గర్జించెను’ అని చెప్పి ముందునకు సాగబోతిని. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, “మేష్టారూ, గర్జించాలంటే నోరుండాలి గదండీ? సముద్రానికి నోరేదండీ? అది హోరు పెట్టుద్దండి” అనెను. తరగతి యంతయు ఘొల్లున నవ్వినది. నేను నవ్వలేకపోతిని. వాడు చెప్పినది సత్యము.

ఆలోచింపుడు. గర్జన కంఠము గలదాని ధ్వని. సింహము గర్జించును, పులి గాండ్రించును, ఆబోతు ఱంకె వేయును, ఏనుగు ఘీంకరించును. మేఘము గర్జించినదనుట కూడ మనకు వాడుకయే కాని, అచట మేఘమును ప్రాణిగా భావించి చెప్పుచున్నాము. హోరన్ననో కంఠము లేనిదాని ధ్వని. గాలి హోరు, వాన హోరు, కడలి హోరు. దానికి మొదలు తుద తెలియదు. ఏ దిక్కున పుట్టినదో చెప్పరాదు. విడువక చెవిని నింపుచుండును. ఈ రెంటికిని ఆంగ్లేయులు ‘రోర్’ అను నొక్క మాటనే వాడుదురు.

ఆ మాటకు మఱికొన్ని వాడుకలు గలవు. సభలోని జనులందఱు ఒక్కమారుగా కేకలు వేసినను వారికది ‘రోర్’; మనకది కోలాహలము. జనులు విరగబడి నవ్వినను ‘రోర్’. మనము పకపక నవ్విరందుము. పొయ్యిలో మంట పెద్దదియై మండిన ‘రోరింగ్ ఫైర్’ అందురు. మన మంట భగభగ మండును. అంగడిలో బేరము జోరుగా సాగిన ‘రోరింగ్ ట్రేడ్’ అందురు. ఇందు ధ్వని యనునది పేరునకు మాత్రమే, భావము జోరని. దక్షిణ సముద్రములలో 40, 50 అక్షాంశముల నడుమ పడమటనుండి వీచు ప్రబలమైన గాలులకు ఓడవారు ‘రోరింగ్ ఫార్టీస్’, అనగా హోరుపెట్టు నలుబదులు, అని పేరిడిరి. కావున పిల్లవానికి ఈ మాట నేర్పునపుడు, దాని కర్థమేమని కాక, ఆ ధ్వని చేయునది ఏదియని ముందడుగవలెను. ధ్వని చేయునది తెలిసినచో తెలుగుమాట దానంతట నాలుకపైకి వచ్చును.

ఇంకొక వింత. ‘అప్‌రోర్’ అని గలభాకు ఆంగ్లమున నొక మాట యున్నది. చూచుటకు ‘రోర్’ అందు స్పష్టముగా కనబడుచున్నది. కాని యది దీనికి చుట్టము కాదు. డచ్చి భాషలో ‘ఓప్‌రూర్’ అనగా తిరుగుబాటు. అందు ‘రూర్’ అనునది కదలికను తెలుపును. ఆంగ్లేయులు పదునాఱవ శతాబ్దమున ఆ మాటను గ్రహించి, తమ చెవికి తెలిసిన ‘రోర్’తో ముడిపెట్టి, గలభాయను నర్థమును స్థిరపఱచిరి. ఇట్టి కలయికలు బందరువారికి క్రొత్తవి కావు. వలందలనబడిన డచ్చివారి పేర వలందపాలెము, ఆంగ్లేయుల పేర ఇంగ్లీషుపాలెము, పరాసులనబడిన ఫ్రెంచివారి పేర పరాసుపేట మన పట్టణమున నున్నవి. ఆంగ్ల వర్తకులు 1611లోనే ఈ రేవున దిగిరి. తెలుగునకు గొప్ప నిఘంటువును కూర్చిన బ్రౌనుదొరయు బందరులో ఉద్యోగము చేసినవాడే. ఒకరి మాటను మఱియొకరు తమ చెవికి తగినట్లు వినుట ఈ రేవునకు పాత యలవాటు.

ఇంతవఱకు చెప్పినది భాషావినోదము. ఇక ఆ పిల్లవాని కథ చెప్పవలసియున్నది.

బడి విడిచిన పిదప వానిని పిలిచి, “హోరని నీకెవరు చెప్పిరిరా?” అని యడిగితిని. “మా తాతండి” అనెను. ఆ ఆదివారము వాని వెంట వారి యింటికి బోయితిని. వృద్ధుడు వాకిట కూర్చుండి వల బాగుచేసికొనుచుండెను. నా ప్రశ్న విని చాలసేపు పలుకలేదు. పిదప నిట్లనెను: “పంతులుగారూ, పుట్టినకాడినుంచీ ఆ హోరు వింటానే ఉన్నాం. ఆ రాత్రి కూడా అదేననుకున్నాం. అది గాలిదో నీళ్లదో తెలిసేసరికి నీళ్లు గడపలో ఉన్నయ్యి.”

ఆ రాత్రి యనగా 1977 నవంబరు 19. దివిసీమపై ఉప్పెన విఱుచుకొనిపడిన రాత్రి. ప్రభుత్వపు లెక్కలోనే సుమారు పదివేలమంది గతించిరి. వృద్ధుడు మనుమని పైపంచెతో వీపునకు కట్టికొని, ముండ్లు గ్రుచ్చుకొనుచున్నను తుమ్మచెట్టును కౌగిలించుకొని తెల్లవాఱువఱకు నుండెనట. ఆ యింట మిగిలినవారు వారిద్దఱే.

అంతకు నూటపదమూడేండ్ల ముందు, 1864 నవంబరు 1న, బందరును ఇట్టి యుప్పెనయే ముంచినది. సుమారు ముప్పదివేలమంది మరణించిరి. ఆ తరమువారికిని హోరు తెలియనిది కాదు. సముద్రపుటొడ్డున పుట్టినవానికి హోరు తెలియకుండుట యెట్లు?

ఇచటనే నాకు పాఠము బోధపడినది. గుడివాడలో బియ్యపు మరలో పనిచేయువానిని చూడుడు. మర తిరుగుచున్నంతసేపు దాని హోరు వాని చెవి కెక్కదు. మర యాగినప్పుడు మాత్రము తల యెత్తి చూచును. నిత్యము వినబడు ధ్వని వినబడని ధ్వనియే యగును. ఆంగ్లేయులు సింహమునకును సముద్రమునకును ఒక్క మాట వాడుదురని నేను వారిని తప్పుపట్టితిని. కాని మనమును ప్రతిదినము వినవచ్చు సముద్రమునకును, ప్రాణములను హరింపవచ్చు సముద్రమునకును ఒక్క హోరునే వాడుచుంటిమి గదా! మాట యొకటియగుటచే వినువాడు మోసపోయెను. తన పలుకులలో ఆ వృద్ధుడు మాటిమాటికి చెప్పికొన్న దుఃఖమిదియే.

ఇంకొక సంగతి. తుపానువేళ గాలి హోరు నీటి హోరును మ్రింగివేయును. నీరు వచ్చుచున్నదని చెవి పసికట్టునప్పటికి పరుగిడుటకు దారి మిగులదు. కావున ఈ విషయమున చెవిని నమ్మరాదు. మన రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు 1 మొదలు 11 వఱకు గలవు. ఆ అంకెలు ధ్వని చేయవు, పద్యమునకు పనికిరావు. అయినను హోరు కంటె ముందుగా వచ్చునవి అవియే. రేడియో చెప్పినను, ఊరి చావడిలో చాటింపు వేసినను, ‘ఈ హోరు మేమెఱుగనిదా’ యని కూర్చుండరాదు.

మఱి మాటల సంగతి యేమి? నేడు మన మనుమలలో ఆంగ్లమాధ్యమమున చదువువారు పెక్కురు. ‘రోర్’ వారికి బాగుగా వచ్చును. హోరు, ఘోష, ఱంకె, గాండ్రింపు అనుమాటలు పుస్తకములో కనబడిననే తెలియును. ‘రోర్’ నేర్వవద్దని నేననను. దానిని నేర్చిన పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టికొని, ‘ఆ ధ్వని దేనిదిరా?’ అని యడుగుడు. పులిదియైన నొక మాట, ఎద్దుదియైన నొక మాట, జనులదియైన నొక మాట చెప్పుడు. సముద్రము కడకు వచ్చినపుడు మాత్రము మాటతో ఆపకుడు. అవనిగడ్డలో ఉప్పెన మృతుల స్మారకమున్నది. అచటికి తీసికొనిపోయి, ఆ రాత్రి మీరు విన్నదేమో, విని యేమనుకొంటిరో, ఏల లేవకుంటిరో చెప్పుడు. ఆ హోరును విన్న చెవులు ఏటేట తగ్గిపోవుచున్నవి. నిఘంటువులో అర్థము నిలుచును కాని ఆ రాత్రి నిలువదు. దానిని నిలుపవలసినవారు మీరే.

ఆ వృద్ధుడిప్పుడు లేడు. ఆయన మనుమడు మాత్రము తుపాను సూచిక ఎత్తిరని వినినంతనే, గాలి లేకున్నను, హోరు లేకున్నను, ఇల్లు తాళమువేసి పిల్లలతో మెఱకకు బోవును. ఇరుగుపొరుగువారు నవ్విన నవ్వనిచ్చును. బడిలో నా తప్పు దిద్దిన బాలుడతడే.