గంగపై ఒక పగలు
(సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



రానున్న మార్చిలో ఒక ఆదివారము, ఢిల్లీకి సుమారు నూరు కిలోమీటర్ల దూరమున గల బ్రిజ్‌ఘాటు నుండి గంగపై దోనెలలో పోవుదమని మన కార్యవర్గము తలపెట్టినది. ఆ ఏర్పాట్లను వివరించు పని నాకు అప్పగించిరి.

బ్రిజ్‌ఘాటు మొదలు నరోరా వరకు గల 85 కిలోమీటర్ల గంగాభాగము 2005లో రాంసర్ ఒడంబడిక జాబితాలో చేరినది. అచ్చట గంగా డాల్ఫినులు గలవు. వానికి చూపు దాదాపు లేదు. తాము చేయు ధ్వనికి ప్రతిధ్వని విని దారి తెలిసికొనును. నిట్టూర్పు వంటి సవ్వడి వినబడి, బూడిదవన్నె వీపు ఒక్క క్షణము తోచి మాయమగును. తెడ్లు ఆపి మాటలు మానినవారికే ఆ భాగ్యము. మన సమాజమున ఇది కొంత కష్టసాధ్యమే!

కాలమును సాయంకాలము నుండి వెనుకకు లెక్కింపవలెను. ప్రొద్దు ఆరున్నర ప్రాంతమున గ్రుంకును. నాలుగింటికే ఒడ్డు చేరవలెను. తొమ్మిదింటికి బయలుదేరినచో ఏడు గంటలు, అందు భోజన విశ్రాంతులకు రెండు. మిగిలిన అయిదింటిలో గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున ఇరువది పోవచ్చునని కాగితము చెప్పును. ఎదురుగాలికిని, ఇసుకమేటలకును ఆ కాగితముతో పని లేదు. పదునైదు చాలును. అనూపశహరు వరకు పోవలెనని ఉబలాటపడు యువకులు మన్నింతురు గాక. దిగవలసిన రేవును ముందే రోడ్డు మార్గమున పోయి చూచి, స్థానికాధికారుల అనుమతి గూర్చియు విచారింపవలెను.

డిసెంబరు, జనవరులలో మంచు దారి కప్పును. వర్షకాలపు గంగ వేరొక గంగ. 2019 సెప్టెంబరు 15న, వరదలోనున్న గోదావరిపై కచ్చులూరు వద్ద విహారనౌక మునిగి పలువురు మరణించుట మనమెవ్వరమును మరువలేదు. మార్చిలో సైతము ఎగువన బిజ్నూరు బ్యారేజి నుండి వదలు నీటిని బట్టి మట్టము మారవచ్చును. భోజనవేళ దోనెలను పైకి లాగి కట్టవలెను. ఆ ఇసుకలో తాబేళ్లు గ్రుడ్లు పెట్టును గాన పొయ్యి రాజేయరాదు. పులిహోర, పెరుగన్నము ఇంటినుండియే తెచ్చుకొందము.

ప్రతి దోనెలో అనుభవజ్ఞుడొకడు వెనుక కూర్చుండి దిశ చూచుకొనును. లైఫు జాకెట్టు అందరికిని తప్పదు. గోదావరి ఒడ్డున పుట్టితిమను మిత్రులకును తప్పదు. చన్నీట హఠాత్తుగా పడినవానికి ఊపిరి ఎగబీల్చును. ఈత జ్ఞప్తికి వచ్చు లోపల నీరు నోట పోవును. పిల్లలకు వారి కొలతకు సరిపడునవి దొరకనిచో, ఆ పిల్లలను ఒడ్డుననే ఉంచవలసి వచ్చును.

పేర్లు ఇచ్చువారు తమకు ఈత వచ్చునో రాదో, పిల్లల బరువెంతో కూడ వ్రాసి ఈయ ప్రార్థన.