పరదేశోపాధ్యాయులు



శీఘ్రముగ వృద్ధినొందు దేశమునకు ధనముకంటె గురువుల కొరతయే యెక్కువగ బాధించును. రైలుబాటను కొన్ని యేండ్లలో వేయవచ్చును. దానిని వేయుట నేర్పువారు సిద్ధమగుటకు ఒక తరము పట్టును. అంతవరకు గురువులను పరదేశమునుండి పిలువవలసినదే. పిలిచినవారిని నిలుపుకొనుట యెట్లు?

1868లో ఆరంభమైన మెయిజీ ప్రభుత్వకాలమున జపాను పాశ్చాత్య ఉపాధ్యాయులను గొప్ప జీతములిచ్చి రప్పించెను. 1873లో వచ్చిన హెన్రీ డయ్యరు ముప్పదియేండ్లు నిండని స్కాట్లండువాసి. టోక్యోలో ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పు భారము నాతనికే యప్పగించిరి. ఆతడు రచించిన ఆరేండ్ల పాఠక్రమము నంగీకరించిరి. ఆతడు 1882 వరకు నిలిచెను. జీతమొక్కటియే కాదు, స్వేచ్ఛయు నాతనిని నిలిపినదని నా తలంపు.

1877లో వచ్చిన జోసయా కాండరు అచట వాస్తుశాస్త్రమును బోధించెను. ఆయన శిష్యుడు తత్సునో కింగో లండనులో చదివివచ్చి 1884లో గురుపీఠము నధిష్ఠించెను. శిష్యునిచేత నోటమిని గోరవలెనని మన పెద్దలందురు. కాండరు జపానులోనే స్థిరపడి 1920లో అచటనే కన్నుమూసెను.

లాఫ్కాడియో హెర్న్ గతి వేఱు. ఆయన 1896లో జపాను పౌరుడై, ఆ దేశపు పేరును ధరించెను. 1903లో టోక్యో విశ్వవిద్యాలయము ఆయన యొడంబడికను కొనసాగింపలేదు. విద్యార్థులు వలదని మొఱపెట్టుకొన్నను లాభము లేకపోయెను. తరువాత నచట బోధించినవారిలో నాట్సుమే సోసెకి యొకడు. దేశీయుడు ఆ పదవికి వచ్చుట న్యాయమే; గురువును మనసు నొప్పించి పంపుట న్యాయము కాదు.

ఈ ప్రశ్న నేటికిని సజీవమే. గల్ఫుదేశముల పాఠశాలలలో మన తెలుగు ఉపాధ్యాయులును బనిచేయుచున్నారు. అచట సాధారణముగ నివాసానుమతి యుద్యోగముతో ముడివడియుండును. రేపటి నిలుకడ తెలియని గురువు కన్ను మఱియొక దేశముపై నుండుట సహజము. 2024లో దుబాయి ప్రభుత్వము ప్రైవేటు విద్యాలయములలోని ప్రతిభావంతులగు బోధకులకు దీర్ఘకాల నివాసానుమతి నిత్తునని ప్రకటించెను. అది మంచి యడుగే. కాని సామాన్యోపాధ్యాయుని సంగతి యేమి?

న్యాయవాదిని గనుక ఒడంబడికల షరతులను జూచుట నా కలవాటు. గురువుతో జేసికొను పత్రమున మూడు షరతు లుండవలెను: తగిన గడువు లేక తొలగింపరాదు, కుటుంబమునకు వసతియు, బిడ్డలకు చదువును గల్పింపవలెను, ప్రతి పరదేశగురువు ప్రక్కను ఒక దేశీయుడు శిక్షణ పొందవలెను. మొదటి రెండును గురువును నిలుపును. మూడవది దేశమును నిలుపును. ఇందేది లోపించినను, ఏటేట గురువులను వెదకుటయే ఆ దేశమునకు పనియగును.